‘బాగుంది’ అన్నారంటే అది పూర్తి జవాబే

ప్రశ్న: మాది హైదరాబాద్. బ్యాంకులో పనిచేస్తాను. రెండేళ్ల కిందట సెలవు పెట్టి శ్రీకాళహస్తి వెళ్లి నెల రోజులు కలంకారీ నేర్చుకొచ్చాను. అప్పట్నుంచీ నా ఆదివారాలన్నీ దానికే. మా చిన్న తోడికోడలి గృహప్రవేశానికి మూడు నెలలు కూర్చుని మీటరున్నర బట్ట మీద జీవవృక్షం వేసి ఇచ్చాను. మొన్న వాళ్లింటికి వెళితే అది బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద కప్పి ఉంది. నోట మాట రాలేదు. మావారికి ఏది చూపించినా ‘బాగుంది’ అనేసి మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోతారు. ఇంటర్ చదివే మా అమ్మాయికి గీసే ముందు బట్టకు పట్టించే పాల వాసన పడదు. ఆఫీసులో ఒకావిడ ‘ఇలాంటిది ఆన్‌లైన్‌లో 400కే వస్తోంది కదండీ’ అంది. నాకు ప్రాణమైన పని వీళ్లలో ఒక్కరికీ పట్టదెందుకు? అర్థమయ్యేలా వీళ్లకు ఎలా చెప్పాలి? లేక మానేయమంటారా?

జవాబు: మానేయాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. అయితే ‘అర్థమయ్యేలా ఎలా చెప్పాలి’ అన్న ప్రశ్నను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టమని అడుగుతున్నాం. మీ ఉత్తరంలో వేర్వేరు సంగతులు కలిసిపోయి ఒకే బాధలా కనిపిస్తున్నాయి. ఇంట్లో వాసన, నీళ్లు, చోటు గురించిన ఇబ్బంది ఒకటి. ఇచ్చిన కానుక ఏమైందన్నది ఇంకొకటి. మీకు కలిగిన ఆనందం వాళ్లకూ కలగాలన్న కోరిక వేరొకటి. మొదటి రెండూ మీరు సరిచేసుకోగలిగిన పనులు. చివరిది అడిగి తీసుకునేది కాదు. దాన్ని అడగడం మానేస్తే మిగతావి ఎంత తేలికో మీకే తెలుస్తుంది.

ముందు ఆ ఆనందం వాళ్లదాకా ఎందుకు చేరలేదో చూద్దాం. పటిక నీళ్లతో పూసిన పువ్వు బట్ట మీద సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, జాడించి, మంజిష్ఠ, చవలకోడి వేర్లు కాగుతున్న నీళ్లలో వేసి తిప్పుతుంటే, పటిక తగిలినచోట ఎరుపు పట్టుకుని పువ్వు పువ్వుగా పైకి తేలుతుంది. మిగతా బట్ట లేత రంగులోనే ఉండిపోతుంది. మీ చేతులతో మీరు చేసినదే మీ కళ్లముందు బయటపడే ఆ పావుగంట కోసమే ఎవరైనా ఈ పనిలో ఉండిపోతారు. మీ తోడికోడలు దాన్ని చూడలేదు. ఆవిడ చేతికి అందింది మడతపెట్టిన ఎరుపు, నలుపు, పసుపు రంగుల బట్ట. అందులో మీకు మూడు నెలలు కనిపిస్తాయి, ఆవిడకు మీటరున్నర గుడ్డ కనిపిస్తుంది. ఇద్దరి చూపూ సరైనదే.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మీ ఉత్తరంలో నలుగురి గురించి రాశారు. ఆ నలుగురికీ ఏది ఇష్టమో, దేని గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల గొంతు మారుతుందో ఒక్క ముక్క రాయలేదు. మీవారు ఫోన్లో చూసేది క్రికెట్టో, షేర్లో, ఊళ్లో పొలం కబుర్లో మాకు తెలియదు. దాని గురించి ఆయన చెబితే మీరు ఎంతసేపు వినగలరు? పది నిమిషాల తర్వాత మీ నోట్లోంచీ ‘బాగుంది’ అనే వస్తుంది. అందులో ప్రేమ లేకపోవడం ఏమీ ఉండదు. ఎవరికి ఏది పడుతుందన్నది వాళ్ల చేతుల్లో కూడా ఉండదు. మీకు కలంకారీ పట్టుకోవడం మీ గొప్పతనం వల్ల జరగలేదు, అది మీకు దొరికిన అదృష్టం. ఇంట్లో ఇంకొకరికి అదే అదృష్టం పట్టలేదంటే అది వాళ్ల లోపం కాదు.

ఇక వాషింగ్ మెషీన్ సంగతి. మన ఇళ్లలో ఫ్రిజ్ మీద, టీవీ మీద, మెషీన్ మీద కప్పే గుడ్డ చింకిగుడ్డ కాదు. కొత్తగా కొన్న ఖరీదైన వస్తువు మీద దుమ్ము పడకుండా, వచ్చినవాళ్లకు అందంగా కనిపించేలా కాస్త మంచి బట్టే చూసి కప్పుతారు. కొత్త ఇంట్లో కొత్త మెషీన్ మీద మీ చెట్టు, చిలకలు వేసిందంటే ఆవిడ దృష్టిలో అది మంచి వాడకమే అయ్యుండాలి. పరుచుకునే బట్ట ఇచ్చారు, పరిచారు. గోడకు కట్టాలని మీరు అనుకుని ఉంటే, పైన కర్ర దూర్చే మడత కుట్టించి, కర్రతో, తాడుతో సహా ఇచ్చి ఉండాల్సింది. ఏ గోడకు కట్టాలో, మేకు ఎక్కడ కొట్టాలో తేల్చుకునే పని ఆవిడకు వదిలేశాక, ఆవిడ తనకు వీలైనచోట వాడుకుంది. అందులో అవమానం వెతక్కండి.

అయితే అక్కడే ఉంటే బట్ట పాడవుతుందన్న భయం మాత్రం నిజమైనదే, దాన్ని ఆవిడకు చెప్పొచ్చు. బాల్కనీ ఎండకు ముందు పోయేది పసుపు. కరక్కాయ పువ్వుతో, దానిమ్మ తొక్కతో వచ్చే పసుపు ఎండకు నిలవదు. పసుపు మీద నీలిమందు కలిసి వచ్చిన ఆకుపచ్చ కూడా అందుకే కొన్నాళ్లకు నీలంవైపు తిరుగుతుంది. వేర్ల నుంచి వచ్చే ఎరుపు అన్నిటికంటే గట్టిది. మెషీన్ దగ్గర చిందే సబ్బుపొడిలో క్షారం ఎక్కువ, తెల్లబరిచే మందులు కూడా ఉంటాయి. అవి రంగుల్ని మసకబారుస్తాయి. ఇదంతా ఆవిడకు పాఠంలా చెప్పక్కర్లేదు. ‘చెల్లాయ్, దానికి ఎండ తగిలితే పసుపు పోతుంది. ఉతికేటప్పుడు కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరెయ్యి’ అని ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పండి. రెండోసారి ఎత్తొద్దు. ఆ తర్వాత కూడా అక్కడే ఉంటే అది ఆవిడ బట్ట, ఆవిడ ఇల్లు. వెళ్లినప్పుడల్లా మీ కళ్లు బాల్కనీవైపు పోకుండా చూసుకోవడం కాస్త కష్టం. ఆ కష్టం మీరే పడాలి, ఆవిడ మీద పెట్టకూడదు.

కానుకల విషయంలో కలంకారీ చరిత్రే చక్కటి పాఠం చెబుతుంది. ఒకే పని కృష్ణా తీరంలో ఒక రూపం తీసుకుంది, స్వర్ణముఖి ఒడ్డున ఇంకో రూపం తీసుకుంది. మచిలీపట్నం, పెడన వైపు గోల్కొండ దర్బారుకు, పర్షియా వర్తకులకు నచ్చేలా తీగలు, పూలు, జాలువారే అంచులు వచ్చాయి, చెక్క అచ్చులు వచ్చాయి. శ్రీకాళహస్తిలో గుడికి కావలసింది కథ, అందుకని కలంతో గీసిన రామాయణ భారతాలు గళ్లు గళ్లుగా బట్టల మీదికి ఎక్కాయి. సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజులకు కోరమాండల్ తీరంలో వేరే నమూనాలతో వేసి పంపేవారు. 1643లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ లండన్ నుంచి సూరత్‌కు రాస్తూ, రంగుల దుప్పట్లలో ముదురు ఎరుపు నేల (బొమ్మల వెనక కనిపించే బట్ట రంగు) అందరికీ నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉండేలా పంపమని అడిగింది. తరతరాలుగా ఈ పనిలో మునిగిన చేతులే ‘వాడేవాళ్లకు ఏం కావాలి’ అని అడిగి మరీ వేశాయి. గుళ్ల ఆదరణ తగ్గి శ్రీకాళహస్తి పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చినప్పుడు, 1950ల చివర్లో అఖిల భారత హస్తకళల బోర్డు, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాత అదే కలం చీరలకూ, దుపట్టాలకూ వచ్చింది. ఎవరూ దాన్ని చిన్నతనంగా అనుకోలేదు.

కాబట్టి ఇకమీదట ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ముందు అడగండి. ‘నీకేదైనా వేసిస్తాను, ఏం కావాలి?’ అని వదిలేస్తే మొహమాటానికి ‘నీ ఇష్టం’ అంటారు, మళ్లీ మొదటికే వస్తుంది. రెండు మూడు మాదిరులు చూపించండి: అరమీటరు గోడబట్ట, దుపట్టా, దిండు గలీబు. వద్దనే వీలు కూడా అందులోనే ఉండాలి. ‘ఇప్పుడేమీ వద్దక్కా’ అంటే సరే అనేసి వేరే మాట ఎత్తండి. దేవుడి బొమ్మలు అడిగినవాళ్లకే ఇవ్వండి. పరచడానికి లేదు, కప్పుకోవడానికి లేదు, తుడిచేచోట పెట్టడానికి లేదు, పాతబడ్డాక పారేయడానికి లేదు అని చాలామంది ఇళ్లలో అవి బీరువా అడుగున చేరతాయి. భోజనాల బల్ల మీదికి వేసేది మాత్రం ఎవరడిగినా ఒప్పుకోవద్దు. కసిమితో, అంటే ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే నల్ల సిరాతో, గీసిన గీత మీద పులుసో నిమ్మరసమో పడితే ఆ పులుపుకు నలుపు వెలిసిపోతుంది, మచ్చ పోదు. బట్ట ఇచ్చినవాళ్లకూ బాధ, పాడుచేసినవాళ్లకు అంతకంటే బాధ.

మొదట్లో చిన్నవే ఇవ్వండి. మూడు నెలల పని ఒక్కసారిగా ఇంకొకరి చేతిలో పెడితే, వాళ్లకు తెలియకుండానే మూడు నెలల అప్పు కూడా పెట్టినట్టే. దాన్ని ఎలా తీర్చాలో వాళ్లకు తెలియదు, తీర్చలేదని మీకు నొప్పి. ఒక ఆదివారంలో అయిపోయే జేబురుమాలంత ముక్కో, పుస్తకం అట్టకు చుట్టే ముక్కో అయితే ఇచ్చిన క్షణమే మరిచిపోగలరు. పెద్దవి మీ కోసం వేసుకోండి. మీ ఇంటి హాల్లో ఒక గోడ మీకు దక్కిందంటే, మీ కోసం వేసుకున్న జీవవృక్షాన్ని ఎండ పడని గోడ చూసి కట్టుకుని రోజూ చూసుకోవచ్చు. ఆ గోడ విషయం కూడా ఇంట్లోవాళ్లను అడిగాకే సుమా.

మీ అమ్మాయి చెప్పే వాసన విషయంలో ఆ అమ్మాయిదే న్యాయం. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్ట ముంచేది కసిమి గీత పక్కలకు పాకకుండా. పాలలోని కొవ్వు ఆ పని చేస్తుంది, ఆ కొవ్వే నిలవైతే మక్కి వాసన కొడుతుంది. శ్రీకాళహస్తిలో బట్ట ఆరుబయట ఎండలో గంటల్లో ఆరిపోతుంది. ఫ్లాట్ బాల్కనీలో, అందులోనూ ముసురు పట్టినప్పుడు, రెండు రోజులు తడిగానే ఉండి ఇల్లంతా వాసన పట్టిస్తుంది. అలవాటుపడ్డ మీ ముక్కుకు తెలియదు, అంతే. మీటరు బట్టకు 50 గ్రాముల కరక్కాయ పొడి, అరలీటరు చిక్కటి పాలు సరిపోతాయి. పాలు ఇంకా పోస్తే ఇంకా మంచిదనుకుని కొందరు పోస్తారు, దాంతో బట్ట జిగటై ఎండకుండా ఉండిపోతుంది. పావుగంట నానబెట్టి, రెండు చేతులతో గట్టిగా పిండి, ఎండ బాగా ఉన్న రోజు పొద్దున్న పదిలోపే మేడ మీద ఆరేయండి. ఒక వారం రెండు వారాల్లో గీయగలిగినంత బట్టకే పాలు పట్టించండి. పది మీటర్లు ఒకేసారి పట్టించి అలమరలో పెడితే గీసేలోపు బూజు, వాసన రెండూ వస్తాయి. రంగులన్నీ అయి చివరి ఉతుకు పడితే పాల వాసన పోతుంది, కాబట్టి ఇంట్లో వాసన కొట్టేది సగంలో ఆగిన బట్టలే. ఎన్ని సగంలో ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకుని, అవి పూర్తయ్యేదాకా కొత్తది మొదలుపెట్టకండి. వానాకాలంలో పాల పని పూర్తిగా ఆపి, చింతబొగ్గుతో కాగితం మీద గీతలు సాధన చేసుకోండి. అసలు ఈ గొడవే వద్దనుకుంటే, మీకు నేర్పిన గురువుగారి దగ్గర పాలు పట్టించి ఆరేసిన బట్ట దొరుకుతుందేమో అడిగి చూడండి.

కసిమి కుండ కూడా వంటింటి దగ్గర ఉండకూడదు. మీరొక్కరే వాడుకునేదానికి లీటరు చాలు, నెలల తరబడి వస్తుంది: 200 గ్రాముల తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు, 50 గ్రాముల బెల్లం, తాటిబెల్లం కలిపి, లీటరు నీళ్లు. 15 నుంచి 20 రోజులు పులియాలి. బెల్లం పులిసేటప్పుడూ, ఆ పులుపు ఇనుమును తినేటప్పుడూ గాలి పుడుతుంది. వాసన రాకూడదని మూత బిగించిన సీసాలో పోస్తే ఏదో ఒక రాత్రి సీసా పగిలి గోడలన్నీ తుప్పు నీళ్లవుతాయి. మట్టికుండకు గుడ్డ కట్టి, మేడ మీద నీడన, పిల్లలకు అందనిచోట పెట్టండి. కరక్కాయ పట్టిన బట్ట ముక్క మీద ఒక చుక్క వేస్తే చూస్తుండగానే నల్లబడాలి. బూడిద రంగులోనే ఆగిపోతే ఇంకో నాలుగు రోజులు ఉంచండి. తయారయ్యాక వడకట్టి సీసాలో పోసుకోవచ్చు. గీసేచోట నేల మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత పేపర్లు తప్పనిసరి. పాలరాయి మీద కసిమి పడితే తుప్పు మరక లోపలికి దిగుతుంది. అప్పుడు కంగారుపడి నిమ్మకాయ రుద్దకండి, పాలరాయి మెరుపు కూడా పోతుంది. తడి గుడ్డతో వెంటనే తుడిచేయడమే మార్గం. తెల్ల బట్టల మీద పడితే మాత్రం నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతికితే చాలావరకు పోతుంది.

నీళ్ల సంగతి మీరు రాయలేదు, కానీ హైదరాబాద్‌లో ఎండాకాలం ట్యాంకర్ కొనే ఇంట్లో ఇది తప్పకుండా వచ్చే గొడవ. మీటరున్నర బట్టకు గంజి పోగొట్టడం నుంచి చివరి ఉతుకు దాకా 12 నుంచి 15 బకెట్లు పడతాయి. పటిక పూసి ఆరిన తర్వాతి జాడింపులో తగ్గించడానికి లేదు. అంటుకోని పటిక పారే నీళ్లలో కొట్టుకుపోవాలి. ఒకే బకెట్లో నాననిస్తే అది వేరేచోట అంటుకుని, ఎరుపులో వేసినప్పుడు బొమ్మల మధ్య ఖాళీ బట్టంతా గులాబీ మచ్చలు తేలుతాయి. స్వర్ణముఖిలో నీళ్లున్న రోజుల్లో బట్టలు నదికి తీసుకెళ్లింది అందుకే. ఇంట్లో తగ్గించుకోగలిగింది ఒక్కటే, చివరి రెండు బకెట్ల నీళ్లను తర్వాతి బట్ట గంజి పోగొట్టడానికి దాచుకోవడం. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఉతుకుడు పని నెలకు ఒక్కసారి చాలని మీరే ముందుగా ఇంట్లో చెప్పండి. వాళ్లు అడగకముందే మీరు తగ్గితే ఇంట్లో ఈ పనికి దొరికే గౌరవం వేరు. రంగులు కాచే గిన్నె వేరుగా ఉండాలి. స్టీలుదో రాగిదో పర్లేదు, ఇనుపది అయితే ఎరుపు చెడి నల్లబడుతుంది. ఒకసారి రంగు కాచిన గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

ఇదంతా చేస్తే మీ అమ్మాయికి కలంకారీ నచ్చుతుందా? నచ్చకపోవచ్చు. వాసన తగ్గించేది ఆ అమ్మాయి ఆ ఇంట్లో ఉండి చదువుకోవాలి కనుక, మెప్పు కోసం కాదు. రెండూ ముడిపెడితే, ‘నీకోసం ఇంత చేశాను, కనీసం చూడవు’ అన్న మాట ఏదో ఒక రోజు మీ నోటి నుంచి వచ్చేస్తుంది.

మరి ఎవరికీ చూపించకూడదా అంటే, చూపించండి. కానీ పూర్తయిన బట్ట ముందు నిలబెట్టి వివరించడం కాకుండా, జరుగుతున్నదాన్ని ఒక్క నిమిషం చూపించండి. కసిమి చుక్క నల్లబడే క్షణం అందుకు బాగుంటుంది. ఎరుపు కుండలో పువ్వు తేలేది ఇంకా బాగుంటుంది. ‘ఇలా ఒకసారి వస్తావా, ఒక్క నిమిషం’ అని పిలవండి, నిమిషంలోనే వదిలేయండి. వాళ్లే ‘ఇదెందుకు నల్లబడింది?’ అని అడిగితే అడిగినదానికే జవాబు చెప్పండి. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు అవుతుందని చెబితే ఇంటర్ కెమిస్ట్రీ చదివే పిల్లకు ఆసక్తి పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు. అడిగింది ఒక్క ప్రశ్న అయితే, చవలకోడి నుంచి సురుడుచెక్క దాకా రంగుల దినుసుల మొత్తం వరుస చెప్పుకుంటూ పోవద్దు. ఇష్టమైన విషయం మాట్లాడేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఇది. అవతలివాళ్లు ‘ఊ’ కొట్టడం మొదలుపెట్టినా, ఫోను చేతిలోకి తీసుకున్నా, వేరే మాట ఎత్తినా అక్కడితో ఆపేయండి. మీవారు ‘బాగుంది’ అన్నాక ‘ఏం బాగుంది? రంగా, గీతా?’ అని పరీక్ష పెట్టకండి. ఆయన మీ సంతోషం చూసి అన్న మాట అది, బొమ్మకు ఇచ్చిన తీర్పు కాదు. ఆదివారమంతా మీరు కలం పట్టుకుని కూర్చుంటే ఇంటి పనుల్లో ఎన్ని ఆయన చూసుకుంటున్నారో కూడా గమనించండి. మీ పనికి ఆయనిచ్చే ప్రోత్సాహం బహుశా ఆ రూపంలో ఉంది.

ఇంట్లోవాళ్ల దగ్గర మీరు వెతుకుతున్నది నిజానికి వేరేచోట దొరుకుతుంది. గీత ఎక్కడ పాకింది, ఎరుపు ఎందుకు చారలు కట్టింది, కన్ను గీసేటప్పుడు కలం ఎందుకు ముద్దగా పడింది, ఇవి చెప్పగలిగేది ఆ పని తెలిసినవాళ్లే. మీరు కలం పట్టి రెండేళ్లే అయింది. ఇది పదేళ్లు చేసినా ఇంకా నేర్చుకునేది మిగిలే పని. మీ దగ్గరున్న బట్టల్లో ఒకటి, ఫొటో కాకుండా బట్టే, తీసుకుని శ్రీకాళహస్తి వెళ్లి మీ గురువుగారి ముందు పరిచి, లోపాలు చెప్పమనండి. పాలు తక్కువై గీత పాకిందా, లేక కలానికి చుట్టిన ఉన్ని వదులై సిరా ఒక్కసారిగా దిగిందా అన్నది ఆయన చూపుతోనే చెప్పేస్తారు. ఆ అరగంటలో మీకు దొరికేది పదిమంది మెచ్చుకోళ్లలో దొరకదు. హైదరాబాద్‌లోనే కావాలంటే మాదాపూర్ శిల్పారామంలో మేళాలు జరిగేటప్పుడు శ్రీకాళహస్తి, పెడన కళాకారులు వస్తుంటారు. జనం పల్చగా ఉండే మధ్యాహ్నం పూట వెళ్లి, కొనేది ఏదైనా కొని, ఒకటి రెండు సందేహాలు అడగండి. అది వాళ్ల వ్యాపార సమయం, ఎక్కువ తీసుకోవద్దు. నేర్చుకునేవాళ్లు మరో ఇద్దరు దొరికితే నెలకోసారి కలిసి కూర్చోండి. ముగ్గురు చాలు. కసిమి కుండ ఒకటే పెట్టుకోవచ్చు, వేర్లు కలిసి తెప్పించుకోవచ్చు, ఎరుపు ఒకే రోజు కాచుకుంటే నీళ్లూ గ్యాసూ కలిసొస్తాయి. గంటల తరబడి ఈ మాటలే మాట్లాడుకోవచ్చు, ఇంటికొచ్చాక ఇంట్లోవాళ్లతో ఇంటి మాటలు మాట్లాడుకునే ఓపిక మిగులుతుంది.

కళ తెలియనివాళ్ల మాట అసలు పట్టించుకోవద్దని మాత్రం మేం అనం. చెట్టు కింద ఉన్నవి నెమళ్లో కోళ్లో తెలియడం లేదని మీ అమ్మాయి అంటే, ఆ మాటలో పనికొచ్చే సంగతి ఉంది. అలవాటు లేని కంటికి బొమ్మ విడివడి కనిపించాలి. ఆకులన్నీ ఒకే సైజులో కిక్కిరిసిపోయి, నేల ఖాళీ లేకపోతే దూరం నుంచి బట్టంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది. మూడు నాలుగు అడుగుల దూరం నుంచి చూసి, పక్షి చుట్టూ వేలెడు ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

ఆఫీసులో ఆవిడ అన్న 400 రూపాయల మాటకు కోపం తెచ్చుకోవద్దు. ఆవిడ చూసింది నిజమే, కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు, డిజిటల్ ప్రింటు బట్టలు ఆ ధరకే వస్తున్నాయి. ఆ మెరిసే రంగులకు అలవాటుపడ్డ కంటికి మీ వేర్ల ఎరుపు వెలిసినట్టు కనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. ‘అవునండీ, వస్తాయి, అవి ప్రింటు, ఇది చేత్తో వేసింది’ అని చెప్పి ఊరుకోండి. తేడా ఏమిటని ఆవిడే అడిగితే బట్ట తిరగేసి చూపించండి. కుండలో కాగిన ఎరుపు వెనక వైపు కూడా దాదాపు అంతే చిక్కగా ఉంటుంది, పైపైన పడిన ప్రింటు వెనక పల్చగా, తెల్లగా ఉంటుంది. చేత్తో గీసిన రెండు చిలకలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. అయితే పెడన అచ్చు బట్టలో కూడా చిలకలన్నీ ఒకేలా ఉంటాయి, అది కూడా చేతిపనే, అసలైన కలంకారీయే. కాబట్టి ఒకేలా ఉన్నంత మాత్రాన నకిలీ అని ఆవిడతో అనకండి, వెనక వైపు చూడమనండి.